ఎండబెట్టిన పేలాల గింజలు

ప్రశ్న అడిగినవాళ్ళకి పని చెప్పడం భూమానందులవారి అలవాటు. ఆత్మ అంటే ఏమిటని అడిగిన ప్లీడరుగారొకాయన పూటంతా బావి దగ్గర గంగాళాలు తోముతూ కూర్చున్నాడు. కర్మ సిద్ధాంతం గురించి అడిగిన లెక్చరరు చింతపండులో పిక్కలు తీశాడు. వాళ్ళకి సమాధానం దొరికిందో లేదో తెలియదు గానీ, తాండవ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో పనులు మాత్రం ఏ రోజువి ఆ రోజు అయిపోతూ ఉండేవి. అందుకే పాతవాళ్ళు నోరు విప్పేముందు ఆయన చేతిలో ఏముందో ఓసారి చూసుకునేవారు.

దమయంతి ఆ జాగ్రత్త పడలేదు. వైశాఖమాసంలో ఒక ఉదయం, ఆయన ఒక గోనెసంచి మూతి విప్పుతూ ఉండగా ఎదురుగా వచ్చి కూర్చుని అడిగేసింది.

“గురువుగారూ, నాలో ఈ తడి ఎప్పటికి ఆరుతుందండీ?”

ఆయన తలెత్తలేదు. సంచిలోంచి గుప్పెడు గింజలు తీసి చూపించారు. నర్సీపట్నం వైపు రైతొకాయన తెచ్చిచ్చిన పేలాల మొక్కజొన్న అది. “ఆదివారం సత్సంగానికి వచ్చేవాళ్ళకి కారం పేలాలు చేసిపెట్టాలమ్మా. నువ్వు బాగా చేస్తావని విన్నాను. వీటి సంగతి నువ్వే చూడు” అన్నారు. సర్వమూ వదిలేసిన ఆ పెద్దాయన కారం పేలాలని మాత్రం వదల్లేకపోయారన్నది ఆశ్రమంలో అందరికీ తెలిసిన రహస్యమే. దమయంతి ముఖం చిన్నబోయింది. తను పేలాలు బాగా చేస్తుందని ఆయనకి ఎవరు చెప్పారో అడగకుండానే సంచి ఎత్తుకుని లేచింది.

ఆమె అడిగిన తడి ఏమిటో చెప్పాలి. దమయంతి పెళ్ళి చేసుకోలేదు. ధాన్యం గిడ్డంగిలో గుమాస్తాగా పనిచేసేది. చెల్లెలు కుముద పురిట్లోనే జబ్బుచేసి మంచాన పడితే, ఆ పసిగుడ్డుని తెచ్చుకుని తనే పెంచింది. ధాత్రి అని పేరు కూడా తనే పెట్టుకుంది. పిల్ల రెండో తరగతికి వచ్చేసరికి కుముద కోలుకుంది. కన్నతల్లి వచ్చి బిడ్డని అడిగితే కాదనడానికి ఏముంది? బట్టలు సర్ది, “ఇకమీద కుముదని అమ్మా అనాలి, నన్ను పెద్దమ్మా అనాలి” అని దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పి, అనకాపల్లిలో దిగబెట్టి వచ్చింది. తిరిగొచ్చాక తాళం తియ్యబుద్ధి కాక చీకటిపడేదాకా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఆ ఇంట్లో ఉండలేక, ఉన్న ఉద్యోగం కూడా మానేసి ఇక్కడికొచ్చి చేరింది. కాషాయం ఇప్పించమని అడిగినప్పుడల్లా భూమానందులవారు “చూద్దాంలే అమ్మా” అనేవారు. మనసులో బెంగ ఇంకా ఆరకపోవడం వల్లే ఇవ్వడంలేదని ఆమె నమ్మకం. ఆరబెట్టుకోవడానికి ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. పిల్ల ఫొటో పెట్టె అడుక్కి తోసేసింది. పేరు పలకడం మానేసింది.

పిల్ల మాత్రం మానలేదు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆశ్రమం ఆఫీసుగదికి ఫోను చేసేది. మొదట్లో దమయంతి వెళ్ళి మాట్లాడేది. ఒకరోజు ధాత్రి ఏదో హుషారుగా చెబుతూ చెబుతూ “అమ్మా” అనేసి, నాలిక కరుచుకుని “పెద్దమ్మా” అని సరిదిద్దుకుంది. అంతే. ఆ రోజు అన్నం సహించలేదు, ఆ వారమంతా జపంలో మనసు నిలవలేదు. ఆ తర్వాత ఫోను వచ్చినప్పుడల్లా లేనని చెప్పమనేది. ఆఫీసు చూసే కోదండం పాపం సత్యవ్రతుడు, వారానికొక అబద్ధం ఆడవలసివస్తోందని లోలోపల కుమిలిపోయేవాడు.

ఇక గింజల సంగతి. గిడ్డంగిలో దమయంతి మాటంటే మాటే. బస్తాలో చెయ్యి పెట్టి గింజ తీసి కొరికి, “తడుంది, వెనక్కి పట్టుకుపొండి” అనేది. ఎంత బతిమాలినా వినేది కాదు. తడి ఉన్న గింజకి బూజు పడుతుందని, పురుగు పడుతుందని ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పైగా వైశాఖపు ఎండ ఊరికే పోతోంది. మేడ మీద పాత చీరలు పరిచి గింజలు ఆరబోసింది. పొద్దున్నే పరవడం, మధ్యమధ్య చేత్తో కలియదిప్పడం, పొద్దువాలాక ఎత్తడం, అలా ఆదివారం దాకా ఎండబెట్టింది. డబ్బాలో పోస్తే గింజలు గలగలమన్నాయి. ఇంత శుభ్రంగా ఎండిన సరుకుని గిడ్డంగిలో కూడా చూడలేదని ముచ్చటపడింది.

ఆదివారం మందపాటి గిన్నె పొయ్యి మీద పెట్టి, నూనె కాగాక గింజలు వేసి మూతపెట్టింది. భూమానందులవారు పీట వేసుకుని పక్కనే కూర్చున్నారు. గిన్నె చెవులు గుడ్డతో పట్టుకుని ఎంత కుదిపినా లోపల చడీచప్పుడూ లేదు. ఎక్కడో ఒకటి రెండు టప్పుమన్నాయి. తర్వాత మాడువాసన వచ్చింది. మూత తీస్తే గింజలన్నీ గోధుమరంగుకి తిరిగి, గిన్నె అడుగున అలాగే పడి ఉన్నాయి. ఆయన డబ్బాలో మిగిలిన గింజ ఒకటి పంటికింద పెట్టి చూశారు.

“ఎండబెట్టావా?”

“వారం రోజులూ పెట్టానండీ. చుక్క తడి లేకుండా చూశాను.”

“మరింక పేలడానికి దాంట్లో ఏముంది తల్లీ? లోపల ఉన్న కాస్త తడే వేడెక్కి, ఆవిరై, గింజని విప్పుతుంది.”

“తడి ఉంటే పాడైపోతుందని...” అంది దమయంతి.

“నిలవ పెట్టుకోవడానికైతే నువ్వు చేసింది సబబే. ఇది నిలవకా?” అన్నారాయన.

సత్సంగానికి వచ్చినవాళ్ళు ఆ పూట తలా ఒక అరటిపండుతో సరిపెట్టుకున్నారు. చీకటిపడే వేళకి కోదండం వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, “ఫోనొచ్చిందమ్మా. లేరనే చెప్పాను” అని, వెళ్ళబోతూ ఆగాడు. “పెద్దమ్మ చేసే పేలాల్లో ఏమేస్తుందో కనుక్కోమందండీ. వాళ్ళింట్లో చేస్తే కారం అంటుకోకుండా అంతా అడుక్కి దిగిపోతోందట. ఇలా అడగడం మూడోసారి.” దమయంతి వినిపించుకోనట్టే మాడిన గిన్నె తోమింది. ఆ పిల్లకి కావలసింది కారం సంగతి కాదని ఆమెకి తెలుసు.

మర్నాడు భూమానందులవారు మిగిలిన గింజలని గాజుసీసాలో పోయించి, రెండు చెంచాల నీళ్ళు తనే చిలకరించి, మూత బిగించి ఆమె చేతికిచ్చారు. “అప్పుడప్పుడు కుదుపుతూ ఉండు. తొందరపడకు” అన్నారు. మొదట గింజలన్నీ ఒకదానికొకటి అంటుకుని సీసా గోడకి కరుచుకున్నాయి. క్రమంగా విడివడ్డాయి. నీళ్ళు ఎటు పోయాయో తెలియదు, పైకి ఎక్కడా చెమ్మలేదు. సీసా కుదుపుతున్నప్పుడల్లా దమయంతికి ధాత్రే గుర్తొచ్చేది. ఎత్తుపీట మీద నిలబడి మూత మీద చెవి పెట్టబోవడం, మొదటి గింజ పేలగానే ఉలిక్కిపడి నవ్వడం, కారప్పొడి అంటుకున్న మూతితో నిద్రపోవడం. తరిమేద్దామని ఎప్పటిలాగే చూసింది. ఈసారి ఎందుకో చేతకాలేదు. ఆ పిల్లని చూడాలని ఉంది. ఒక్కసారి దగ్గరికి తీసుకుని తల వాసన చూడాలని ఉంది. ఆ మాట తనకి తాను చెప్పుకుని, సీసా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. పెట్టె అడుగునుంచి ఫొటో తీసింది గానీ, గోడకి పెట్టే ధైర్యం రాక తలగడ కింద దాచుకుంది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. కరివేపాకు గలగలలాడేలా వేయించి, ఉప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, చిటికెడు ఇంగువ చేర్చి పిండిలా నూరి పెట్టుకుంది. నూనెలో ముందు రెండు గింజలు వేసి చూసింది. అవి పేలాక తక్కినవన్నీ వేసి, ఆవిరి పోవడానికి మూత కాస్త ఓరగా పెట్టింది. కాసేపు ఏమీ లేదు. భూమానందులవారు కూడా పీట మీద ముందుకి వంగారు. ఒకటి పేలింది. ఇంకొకటి. ఆ పైన వడగళ్ళవానలా టపటపమని మూత ఎగిరెగిరిపడింది. ఆ చప్పుడు వింటూ గిన్నె కుదుపుతున్న దమయంతికి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. ఆపుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

చప్పుడు తగ్గగానే గిన్నె దించి, వెడల్పాటి పళ్ళెంలో గుమ్మరించి, వేడి చల్లారకముందే కరిగిన నెయ్యి తిప్పిపోసింది. పైన కారప్పొడి చల్లి, చేత్తో అడుగునుంచి పైకి కలిపింది. పొడి ప్రతి పేలాన్నీ పట్టుకుంది. భూమానందులవారు గుప్పెడు నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నారు. సత్సంగం వాళ్ళు అప్పటికే అరుగు మీద బారుగా కూర్చున్నారు.

ఆఫీసుగదిలో ఫోను మోగింది. కోదండం వెళ్ళి, వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. “అమ్మాయేనండీ. ఏం చెప్పమంటారు?”

దమయంతి ఈసారి లేనని చెప్పమనలేదు. లేచి నిలబడింది. “ఈ గొంతుతో ఎలా మాట్లాడనండీ? పిల్ల బెదిరిపోతుంది” అంటూ, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తింది.

“కారం చేత్తో కళ్ళు తుడుచుకోకు తల్లీ” అన్నారు భూమానందులవారు, ఇంకో గుప్పెడు తీసుకుంటూ. “అలాగే వెళ్ళు.”