మరిగించిన ముల్లు

గుగ్గిలంకోన అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, కుందేళ్ళు, కొండగొర్రెలు, ఒక ముసలి ముళ్ళపంది ఉండేవి. పోయిన ఏడు మాఘ బహుళ పంచమి నాడు ఆ అడవిలో పోలమ్మ అనే కొండగొర్రెకు అన్యాయం జరిగింది. పొర తీస్తామని పడుకోబెట్టి ఆమె కుడి కన్ను పోగొట్టారు.

ఆ రోజు ఎలుగుబంటి భీమన్న పుట్టినరోజు. ఏటా ఆ రోజున అతడు ఉచిత కంటి శిబిరం పెట్టిస్తాడు. కొంగ వైద్యుడు ముళ్ళపంది ముల్లుతో కంటిపొర తీస్తాడు. ఒక్కో కంటికి ఒక్కో ముల్లు వాడాలి. వాడే ముందు దాన్ని లోయలోని వేడినీటి గుండంలో మరిగించాలి. అక్కడికి దిగి ఎక్కడానికి చాలాసేపు పడుతుంది. భీమన్నకేమో పొద్దుగూకేలోపు నలభై కళ్ళు కావాలి. నలభై అని ముందే అడవంతా దండోరా వేయించుకున్నాడు మరి. అందుకని ఒకే ముల్లుతో వరసగా కానిచ్చేశారు. మూడోనాటికి పోలమ్మ కన్ను చీము పట్టింది.

ఆమె అడగబోతే, "దానమిచ్చిన గోవుకు పళ్ళు ఎంచుతావా?" అన్నాడు భీమన్న.

ఈ ఏడు ఎడమ కంటికీ పొర కమ్మింది. పక్కన మేస్తున్న తన పిల్ల తెల్లని మచ్చలా కనిపిస్తోంది. బండ మీద చిరుత పడుకున్నా ఎండుగడ్డి అనుకోవాల్సిందే. శిబిరానికి పోతే ఉన్న కన్నూ పోతుందేమో. పోకపోతే పిల్ల పోతుంది.

పంచమి నాడు పోలమ్మ శిబిరానికి వెళ్ళింది. ఆమె ముందు ఒక్క కుందేలే ఉంది. దాని కంటిపొర తీయడం అయిపోయింది.

"ముల్లు మరిగించారా డాక్టరుగారూ?" అని అడిగింది పోలమ్మ.

కొంగ తల దించుకున్నాడు. "కుందేలుకు మరిగించి వాడిందే అమ్మా. తుడిచాను."

"నిరుడు నా కంట్లో పెట్టిందీ తుడిచిందే."

వెనకున్న దుప్పి విసుక్కుంది. "ఊరికే చేస్తుంటే ఈ పంతమేంటి పోలమ్మక్కా? లే, నేను పడుకుంటా."

"పడుకో చెల్లీ. మూడోనాడు ఏ కంటితో ఏడుస్తావో చూసుకో."

దుప్పి వెనక్కి జరిగింది. పడుకోలేదు.

భీమన్న మెడలో దండతో వచ్చాడు. "నా లెక్క ఆపుతున్నదెవరు? ముల్లులో విషముందా? చూడండి, నా కంటిపొరే ముందు తీయించుకుంటా."

"దొరా, ఒక్క గడియ ఆగండి," అన్నాడు కొంగ.

ఆగితే భీమన్న ఎందుకవుతాడు? ఆ పాత ముల్లుతోనే పొర తీయించుకుని, కట్టు కట్టించుకుని, చప్పట్ల మధ్య వెళ్ళిపోయాడు.

ముళ్ళపంది తాత మాత్రం కొత్త ముళ్ళు తీసుకుని లోయ దారి పట్టాడు. "నీళ్ళ సంగతి నేను చూస్తా. నువ్వు కళ్ళ సంగతి చూడు," అన్నాడు కొంగతో. పొద్దుగూకేసరికి భీమన్నది కాక, కుందేలుతో కలిపి పన్నెండు కళ్ళే అయ్యాయి. మిగిలినవాళ్ళను మర్నాడు రమ్మన్నారు.

మరిగించిన ముల్లుతో పొర తీయించుకున్న పోలమ్మ మూడు రోజులు కట్టు కింద చీకట్లో పడుకుంది. కన్ను సలుపుతోందా, లేదా అని క్షణక్షణం వెతుక్కుంది. పిల్ల అలికిడి కాస్త ఆగితే తల ఎత్తి పిలిచేది. రెండోనాడు కంటి మూల దురద పుట్టింది. నిరుడూ ఇలాగే మొదలైంది. కన్ను బండకేసి రుద్దుకోవాలనిపించింది. పళ్ళ బిగువున ఆగింది.

మూడోనాటి పొద్దున భీమన్న గుహలోంచి మూలుగు వినిపించింది. అతడి కంటినిండా చీము. అది విన్న కొంగ భయపడుతూనే పోలమ్మ కట్టు విప్పాడు.

ఆమె రెప్పలు ఆర్పింది.

"కనిపిస్తోందా అమ్మా?"

పోలమ్మ పొద దగ్గర నిలబడ్డ పిల్లను కసిరింది. "ఏం నములుతున్నావే? అది గన్నేరాకు. ఉమ్మెయ్."

అందరి కట్లూ విప్పాక కొంగ చెట్టు బెరడు మీద గీశాడు: మరిగించిన ముళ్ళు పన్నెండు, చూపు వచ్చిన కళ్ళు పన్నెండు. మరిగించని ముల్లుతో పోయిన కన్ను ఒకటి. మాఘ బహుళ అష్టమి.

నీతి: వైద్యం ఉచితమైనా కన్ను మనదే, శుభ్రత అడిగి మరీ చేయించుకోవాలి, గొప్ప కోసం చేసే దానం చేసినవాడికే చేటు.