మంచునీలాల కోసం ఏడు సముద్రాలు

మీ తాతలకు తాతలు పుట్టకముందు, ఏడాదిలో సగం మంచు కురిసే శీతగిరి రాజ్యాన్ని ఒక రాజుగారు ఏలుతుండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి వేటంటే ప్రాణం. నడిమివాడికి గుర్రాలంటే ప్రాణం. చిన్నవాడు మణిధరుడికి మాత్రం మంచునీలాలంటే ప్రాణం.

మంచునీలాలంటే రాళ్లు కావు, పూలు! కత్తుల్లా నిలబడే సన్నటి ఆకుల మధ్య, సీతాకోకచిలుకలు వాలినట్టు విచ్చుకుంటాయి. ఎక్కడ కొత్త రంగు పూసిందని విన్నా మణిధరుడు అక్కడికి పోయి, దుంప ముక్క అడిగి తెచ్చి, వాగు పక్కన తడినేలలో నాటేవాడు. పొరుగు రాజుగారి కూతురు హిమజకూ అదే పిచ్చి. ఇతను తెల్లది పంపితే ఆమె ఊదాది పంపేది. అలా దుంపలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఇద్దరి మనసులూ కలిశాయి.

ఒక వసంతకాలం ఉదయం చూస్తే ఏముంది! రెండు తోటల్లోనూ గుంటలే మిగిలాయి. హిమజ కూడా లేదు. ఏడు సముద్రాల అవతల ఎండదీవిలో ఉండే కరాళుడనే మాంత్రికుడు రాకుమారిని ఎత్తుకుపోతూ, ఆమెను మెప్పించడానికి పూలమొక్కలన్నీ పెకలించుకుపోయాడు.

పెద్దవాడు వెళ్లి, మొదటి సముద్రం చూసి తిరిగొచ్చాడు. నడిమివాడు వెళ్లి, మూడో సముద్రం చూసి తిరిగొచ్చాడు. అప్పుడు మణిధరుడు ఉన్నిశాలువా భుజాన వేసుకుని బయల్దేరాడు. దారిలో మంచు ఇంకా కరగని చెరువులో ఒక పెద్దకొంగ కాళ్లు ఇరుక్కుని ఏడుస్తోంది. అతను మంచు పగలగొట్టి దాన్ని విడిపించాడు.

"నా వీపెక్కు నాయనా! నువ్వు ఎక్కడికి పోవాలంటే అక్కడికి తీసుకుపోతా," అంది కొంగ.

ఏడు సముద్రాలూ దాటి, కొంగ అతన్ని మాంత్రికుడి తోటలో దించింది. అక్కడ హిమజ మొక్కలకు నీళ్లు పోస్తోంది. అతన్ని చూడగానే ఆమె కళ్లు మెరిశాయి.

"ఈ పూలు పూసిన రోజునే పెళ్లి చేసుకుంటానని ఆ మాంత్రికుడితో అన్నాను," అని గుసగుసగా చెప్పింది. "చలి తగలనిదే ఇవి మొగ్గ తొడగవని వాడికేం తెలుసు! వాడి ప్రాణం మాత్రం అదిగో, ఆ ఇనపస్తంభం మీది చిలకలో ఉంది. ఆ స్తంభాన్ని ఎవరూ ఎక్కలేరు."

మణిధరుడు కాసేపు ఆలోచించి, తోటమాలినంటూ కరాళుడి దగ్గరికి వెళ్లాడు.

"ఈ పాడుమొక్కలు పూయవేంరా?" అని గర్జించాడు మాంత్రికుడు.

"వీటికి చలి కావాలి దొరా."

కరాళుడు ఒకసారి ఊదాడు. చల్లగాలి వీచింది.

"చాలదు దొరా."

రెండోసారి ఊదాడు. ఆకుల మీద నీళ్లు గడ్డకట్టాయి.

"ఇంకా చాలదు దొరా. మీ వల్ల కాదేమో!"

మాంత్రికుడికి రోషం పొడుచుకొచ్చింది. మూడోసారి బుగ్గలు పూరించి ఊదేసరికి దీవి అంతా తెల్లగా మంచు కురిసింది. స్తంభం మీద చిలక గజగజ వణికిపోయింది.

"చలి! చలి!" అని అరిచింది.

మణిధరుడు శాలువా విప్పి, "రావమ్మా, ఇక్కడ వెచ్చగా ఉంటుంది," అన్నాడు.

"వద్దే! పోకే!" అని కరాళుడు గగ్గోలు పెట్టాడు. కానీ చిలక రివ్వున దిగి శాలువాలో దూరింది.

"బాబ్బాబు, దాన్ని నలపకు! నువ్వు ఏం చెబితే అది చేస్తా!"

"నలపను. ముందు మమ్మల్నిద్దరినీ, మొక్కలనూ మా ఊళ్లో దించు. ఇకమీదట ఎవరి జోలికైనా పోయావో, చూసుకో!"

మాంత్రికుడు చెంపలు వేసుకుని అలాగే చేశాడు. మణిధరుడూ హిమజా కలిసి ఆఖరి దుంప దాకా తిరిగి నాటారు. చిలక రాజుగారి వంటశాలలో పొయ్యి పక్కన చేరి, వేడివేడి అన్నం తింటూ బొద్దుగా తయారైంది.

మరుసటి వసంతంలో రెండు రాజ్యాల మేళాలూ కలిసి మోగాయి. అన్నలిద్దరూ పల్లకీ మోశారు. రాజుగారు కళ్లు తుడుచుకుంటూ చిన్నకొడుకు తలమీద కిరీటం పెట్టారు. మణిధరుడూ హిమజా మనవల్నీ మునిమనవల్నీ ఎత్తుకుని, ఆ చలిరాజ్యాన్ని కలకాలం చల్లగా ఏలారు.