వెదురు కణుపుల పందెం

ఎర్రకొండ అడవి నిండా వెదుళ్ళే. ఆ వెదుళ్ళ నీడన ముళ్ళపందులు, అడవికోళ్ళు, కోతులు, కుందేళ్ళు కాపురముండేవి. ఒక గుంటనక్క కూడా ఉండేది. దాన్ని ఎవరూ పిలవలేదు, అదే వచ్చి చేరింది.

వెదురు తన బతుకులో ఒక్కసారే పూస్తుంది. పూసి, గింజ రాల్చి, నిలువునా ఎండిపోతుంది. ఆ ఏడు ఎర్రకొండ వెదురంతా ఒక్కసారిగా పూసింది. ఎక్కడ చూసినా వెదురు బియ్యమే. ఎవరికి చేతనైనంత వాళ్ళు ఏరి దాచుకున్నారు.

"ఇది మళ్ళీ మన బతుకులో రాలదు. వానాకాలం గడవాల్సింది దీంతోనే" అని పెద్దలు చెప్పారు.

శూలయ్య అనే ముళ్ళపంది అందరికన్నా ఎక్కువ దాచాడు. గింజ గింజా ఏరి, తాలు తీసేసి, బొరియ చివరి అరలో పోశాడు. అతనికి గరికమ్మ అనే భార్య, ఇద్దరు పిల్లలు. పిల్లల ముళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయి. వాన పట్టిందంటే వాళ్ళు గడప దాటలేరు.

ఎండిన వెదుళ్ళను చూసి నక్క ఒక ఆట కట్టింది. వాగు ఇసుకలో నిలబడి కేకలేసింది.

"రండి, రండి! కోతి ఈ ఎండు వెదురు ఎక్కుతుంది. రెండో కణుపు దాటితే మీరు పెట్టిన దోసెడుకు రెండు దోసిళ్ళు. మూడు దాటితే మూడు. ఎప్పుడు 'చాలు' అంటే అప్పటిదాకా పెరిగింది మీదే. మీరు అనకముందే వెదురు విరిగిందా, పెట్టింది నాది!"

ఏ వెదురు ఎక్కడ విరుగుతుందో కోతికీ తెలియదు, నక్కకూ తెలియదు. కొన్ని ఆకాశమంత ఎత్తు నిలిచేవి. కొన్ని కోతి చెయ్యి వేయగానే ఫెళ్ళుమనేవి. కోతికేం, కింద ఇసుక మెత్తన.

శూలయ్య మొదటి రోజు ఊరికే చూశాడు. రెండో రోజు ఒక దోసెడు పెట్టి, రెండో కణుపు దాటగానే "చాలు!" అన్నాడు. గెలిచాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ గెలిచాడు.

"దీనికో లెక్కుంది" అని కుందేళ్ళకు పాఠం చెప్పాడు. "రెండో కణుపు దగ్గర ఆగాలి. ఓడితే తర్వాత రెట్టింపు పెట్టాలి. మళ్ళీ ఓడితే దానికి రెట్టింపు. ఒక్క గెలుపుతో పోయిందంతా తిరిగొస్తుంది. మీ బుర్రలకు ఎక్కదులే."

అడవికోడి చుక్కమ్మ పక్కనే నిలబడి వింది. ఆమె గరికమ్మకు పిన్ని వరస. అప్పుడప్పుడు ఒక గుప్పెడు గింజలు ఆకులో కట్టుకొచ్చి ఆడేది. గెలిచినా ఓడినా ఆ గుప్పెడుతో సరి, ఇంటికి వెళ్ళిపోయేది.

"ఇవాళ కూడా ఓడావటగా అత్తా!" అని శూలయ్య నవ్వాడు.

"ఓడాను నాయనా. పోయినా ఫరవాలేదనుకున్నదే తెచ్చాను. నీ రెట్టింపు లెక్క బాగానే ఉంది. మరి నీ బొరియకు అడుగనేది లేదా?"

శూలయ్యకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ముళ్ళన్నీ నిక్కబొడిచి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు వెదుళ్ళు వరసగా మొదటి కణుపు దగ్గరే విరగడం మొదలుపెట్టాయి. శూలయ్య ఒక దోసెడు పోగొట్టుకున్నాడు. రెండు పెట్టాడు, పోయాయి. నాలుగు పెట్టాడు. ఎనిమిది పెట్టాడు. నక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏం శూలయ్యా, పాఠం అయిపోయిందా?"

శూలయ్య బొరియకు పరిగెత్తాడు. చివరి అర ఊడ్చి మూట కట్టాడు. గరికమ్మ అడ్డం నిలబడింది.

"ఏమయ్యా, అది పిల్లల తిండి."

"సాయంత్రానికి రెట్టింపు తెస్తాను. జరుగు!"

వాగు దగ్గర చుక్కమ్మ ఆ మూట చూసింది.

"వద్దు శూలయ్యా."

"వరసగా నాలుగు విరిగాయత్తా. ఇప్పుడైనా ఒకటి నిలవాలా వద్దా? అది న్యాయం!"

"ముందరి వెదురు విరిగిన సంగతి ఈ వెదురుకు తెలుసా నాయనా? నక్క ఏనాడైనా ఈ వెదుళ్ళ మీద తన గింజ ఒక్కటైనా పెట్టిందా? గెలిచినవాళ్ళకు ఇచ్చేది ఓడినవాళ్ళ గింజలే కదా."

శూలయ్య వినలేదు. మూటంతా పెట్టేశాడు.

కోతి ఎక్కింది. మొదటి కణుపు దాటింది. రెండోదీ దాటింది. ఒక్క మాట అంటే పోయిందంతా తిరిగొస్తుంది. "అను! అను!" అని చుక్కమ్మ అరిచింది.

శూలయ్య నోరు తెరిచాడు. అప్పుడే అతని చూపు నక్క మీద పడింది. తన గింజలు తిరిగొస్తే సరిపోదు, ఆ నవ్విన ముఖం వాడిపోవాలి అనుకున్నాడు. ఇంకొక్క కణుపు!

వెదురు ఫెళ్ళున విరిగింది.

నక్క మూట లాక్కుంది. అది వెదురు బియ్యం ముట్టదు. గెలిచిన గింజలన్నీ కుప్ప పోసి, వాటికి ఆశపడి వచ్చే ఎలుకల్ని తింటుంది.

వానలు పట్టాయి. శూలయ్య తడుస్తూ వెళ్ళి నక్కను ఒక్క దోసెడు అడిగాడు.

"నేనేమైనా నీ బొరియకొచ్చి తీసుకున్నానా?" అంది నక్క, తల కూడా తిప్పకుండా.

అతను బురదలో ఎండు వేళ్ళు తవ్వి తెచ్చాడు. పిల్లలు నమలలేకపోయారు. చిన్నది లేచి తిరగడం మానేసింది.

ఒక ఉదయం చుక్కమ్మ వానలోనే వచ్చింది. తన పిల్లలకు సరిపడా దాచిన దాంట్లోంచి కొంత తీసి ఆకులో కట్టి తెచ్చింది. శూలయ్య వైపు చూడలేదు. గరికమ్మ ముందు కూర్చుని దోసిలితో పోయసాగింది. ఒకటి పోసింది. రెండోది పోయబోయింది.

గరికమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "చాలు పిన్నీ. నీకూ పిల్లలున్నారు."

శూలయ్య మూలన ముడుచుకుని ఆ మాట విన్నాడు. ఆకలితో ఉన్న ఆలి అన్న మాట. మూట నిండా గింజలున్న రోజు తన నోట రాని మాట.

చిన్నది బతికింది. చుక్కమ్మ పిల్లలు ఆ వానాకాలం కడుపునిండా తిని రెక్కలు తెచ్చుకున్నారు. శూలయ్య మాత్రం ఆ తర్వాత ఎవరికీ లెక్కలు చెప్పలేదు.

నీతి: పోయినా ఫరవాలేదనుకున్న గుప్పెడు వేరు, ఇంటిని బతికించే గింజ వేరు. ఆ రెండూ కలిపి పందెం కాసినవాడిని ఏ లెక్కా కాపాడలేదు.