ఏదులగుట్ట లొంగిన రోజు

అనగనగా, మన తాతలకి తాతలు కూడా పుట్టని రోజుల్లో, ఒక అడవిలో ఏదులగుట్ట అనే గుట్ట ఉండేది పిల్లలూ. పైనుంచి చూస్తే రాళ్ళూ కంపచెట్లూ తప్ప ఏమీ కనిపించేవి కావు. లోపల మాత్రం పెద్ద పట్నం! బొరియ పక్కన బొరియ, వీధి కింద వీధి. పెద్ద గుమ్మం ముందు చల్లటి నీటి ఊట. ఆ పట్నంలో వందల ఏదుపందులు కాపురం ఉండేవి. ఏదుపంది తెలుసుగా? ఒళ్ళంతా నల్లటి, తెల్లటి ముళ్ళు. నడుస్తుంటే గలగలమని చప్పుడు.

ఒక ఎండాకాలం రేచుకుక్కల, అంటే అడవికుక్కల, గుంపు వచ్చి ఆ గుట్టని పట్టుకుంది. వాటి దొర పేరు నల్లతోక.

"ఈ ఊట మాది. తాగాలంటే దుంపలు తెచ్చివ్వండి," అన్నాడు నల్లతోక. తెచ్చిచ్చారు.

"పైవీధులన్నీ మావి. ఖాళీ చెయ్యండి," అన్నాడు. ఖాళీ చేశారు.

మూడోసారి ఏమీ అడగలేదు. గుమ్మం దాటి బయటికొచ్చిన పిల్లల్ని ఎత్తుకుపోవడం మొదలుపెట్టాడు.

ఆ పట్నంలో గండయ్య అనే ఏదుపంది ఉండేవాడు. బొరియలు తవ్వడంలో మొనగాడు. మాట పెళుసు, మనసు మంచిది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల ఏడుపు వింటుంటే అతనికి తిండి సయించేది కాదు.

అదే రోజుల్లో రేచుకుక్కలకీ అడవిపందులకీ యుద్ధం జరుగుతోంది. అడవిపందులు గెలుచుకుంటూ గెలుచుకుంటూ ఏటి అవతలి గట్టుదాకా వచ్చేశాయి. వాటి గుర్రుమనే చప్పుడు గుట్టదాకా వినిపించేది. ఒక పొద్దున లకుముకిపిట్ట ఎగురుకుంటూ వచ్చి గండయ్య చెవిలో చెప్పింది.

"గండన్నా! పందుల రాజు కబురు పంపాడు. మీరు లోపల్నుంచి తిరగబడితే, వాళ్ళు మూడు రోజుల్లో ఏరు దాటి వస్తారట!"

గండయ్య ఒళ్ళు ఝల్లుమంది. రాయెక్కి నిలబడి అందరినీ పిలిచాడు.

"మూడు రోజులు! మూడంటే మూడు రోజులు నిలబడదాం. తర్వాత పందులొస్తాయి. చివరి ముల్లు రాలేదాకా ఈ గుట్ట వదలం. నాతో ఒట్టు పెట్టండి!"

అందరూ ఒట్టు పెట్టారు. అందరికంటే గట్టిగా అరిచింది గండయ్య మేనకోడలు పోలి. ఆమె పక్కనే ఆమె మొగుడు బుడ్డన్న. వాళ్ళకి పెళ్ళయి నెల కూడా కాలేదు.

మొదటి రోజు చూడాలి! ఏదుపందులు ముళ్ళు నిక్కబొడిచి, వెనక్కి తిరిగి, గుంపుగా రేచుకుక్కల మీద పడ్డాయి. ముక్కుల్లో ముళ్ళు, పంజాల్లో ముళ్ళు. కుయ్యోమొర్రో అంటూ రేచుకుక్కలు గుట్ట దిగి పారిపోయాయి. ఆ సాయంత్రం పిల్లలు ఎవరినీ అడక్కుండా ఊట దగ్గరికెళ్ళి కడుపునిండా నీళ్ళు తాగారు. ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకున్నారు. ముసలివాళ్ళు అది చూసి నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

మూడు రోజులు గడిచాయి. పందులు రాలేదు.

గండయ్య లకుముకిపిట్టని పంపాడు. అది తిరిగొచ్చి, "ఏట్లో మొసలి ఉందట. దారి వెతుకుతున్నారట," అంది.

ఏడో రోజున మళ్ళీ పంపాడు. "మందలో సగంమందికి గాయాలట. కాస్త కోలుకోనివ్వండి అన్నారు," అంది.

ఈలోగా నల్లతోక కొత్త గుంపుల్ని తోడు తెచ్చుకున్నాడు. పదో రోజున ఊట మళ్ళీ రేచుకుక్కల చేతికి పోయింది. దాన్ని కాపాడుతూ బుడ్డన్న అక్కడే చచ్చిపోయాడు. ఆ తర్వాత ఒక్కో వీధీ పోయింది. ఏదుపందులు వెనక్కి తగ్గుతూ, తమ బొరియల్ని తామే కూల్చి దారులు మూసుకున్నాయి. తను ఏళ్ళ తరబడి తవ్విన వీధుల్ని గండయ్య తన పంజాలతోనే పూడ్చాడు.

పదిహేనో రోజున లకుముకిపిట్ట మూడోసారి వెళ్ళింది. తిరిగొచ్చి రాతి మీద వాలి, తల దించుకుంది.

"ఏమన్నారు?" అని అడిగాడు గండయ్య.

"ఏమీ అనలేదు గండన్నా. బురదలో పడుకుని ఇటే చూస్తున్నారు. నేను దగ్గరికెళ్ళేసరికి కళ్ళు మూసుకున్నారు."

గండయ్య ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్తాడు? వాళ్ళొస్తారని మాటిచ్చింది తనే కదా.

పద్దెనిమిదో రోజు పొద్దున చుక్కమ్మ అవ్వ అతన్ని పిలిచింది. పట్నంలో మిగిలిన నీళ్ళు పంచే పని ఆమెది.

"ఒకసారి నాతో రా నాయనా," అంది.

అట్టడుగు బొరియలోకి తీసుకెళ్ళింది. అక్కడ తేమగా ఉన్న గోడ ఒకటుంది. పిల్లలు వరసగా నిలబడి ఆ మట్టిగోడని నాకుతున్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఏడవడానికి ఓపిక లేదు. ఒక చిన్నది గోడకి మూతి ఆనించి అలాగే నిద్రపోయింది. చుక్కమ్మ దాన్ని కదిపింది. అది కళ్ళు తెరవలేదు.

"ఇది నిద్ర కాదు గండయ్యా," అంది చుక్కమ్మ.

గండయ్య అక్కడే కూలబడ్డాడు. తర్వాత అడిగాడు, "ఇంకెన్నాళ్ళు అవ్వా?"

"పెద్దవాళ్ళు ఆరు రోజులుంటారేమో. పిల్లలు రెండు."

గండయ్య పైకొచ్చి అందరినీ పోగుచేశాడు. "పందులు రావు," అన్నాడు. "నాకు మూడు రోజుల నుంచి తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. తప్పు నాది. ఇవాళ నేను నల్లతోక దగ్గరికెళ్ళి, యుద్ధం చాలిస్తున్నామని చెప్తాను."

అప్పుడు పోలి లేచింది. ఆమె వీపు మీద సగం ముళ్ళు లేవు.

"మరి బుడ్డన్న ఎందుకు చచ్చాడు మామా?" అని అడిగింది. "చివరి ముల్లు రాలేదాకా అన్నావుగా? నాకింకా ముళ్ళున్నాయి! ఆ ఒట్టు నువ్వు పెట్టించిందే!"

"నేనే పెట్టించాను. నేనే తీసేస్తున్నాను. ఆ పాపం నా ఒక్కడిదే. మనం చచ్చిపోవచ్చు తల్లీ. మనం ఒట్టు పెట్టాం. కింద గోడ నాకుతున్న పిల్లలు ఏ ఒట్టూ పెట్టలేదు."

పోలి అతని కాళ్ళ ముందు ఉమ్మేసి వెళ్ళిపోయింది.

పట్టపగలు, అందరూ చూస్తుండగా, గండయ్య ఒక్కడే పెద్ద గుమ్మంలోంచి బయటికి నడిచాడు. ముళ్ళన్నీ ఒంటికి అణిచిపెట్టుకున్నాడు. ఊట పక్కనే నల్లతోక కూర్చున్నాడు. అతని ముక్కు వాచి ఉంది.

"ప్రాణాల కోసం బతిమాలడానికి వచ్చావా?" అన్నాడు నల్లతోక.

"బేరమాడడానికి వచ్చాను," అన్నాడు గండయ్య. "గుట్ట నీకిస్తాం. మా ముళ్ళు విదిలించి నీ ముందు పోస్తాం. బదులుగా మూడు మాటలు కావాలి. పిల్లలూ తల్లులూ ముందు నీళ్ళు తాగి, క్షేమంగా అడవి దాటాలి. గాయపడ్డవాళ్ళని మోసుకుపోనివ్వాలి. పోరాడినవాళ్ళని దొంగల్ని చంపినట్టు కొరికి చంపకూడదు. ఓడిన సైనికుల్లా చూడాలి."

నల్లతోక పళ్ళు బయటపెట్టాడు. "ఇవ్వనంటే?"

"అయితే ఇంకో ఆరు రోజులు పోరాడి చస్తాం. ఆ ఆరు రోజుల్లో మీవాళ్ళ ముక్కుల్లో ఇంకెన్ని ముళ్ళు దిగుతాయో లెక్క చూసుకో. ఏటి అవతల పందులు నిద్రపోతున్నాయనుకోకు. నీ గుంపు కుంటుకుంటూ కనిపించిన రోజున లేస్తాయి."

నల్లతోక చాలాసేపు ఏటి వైపు చూశాడు. తన గుంపు వైపు చూశాడు. సగంమంది పంజాలు నాక్కుంటున్నారు.

"సరే," అన్నాడు. "కానీ పట్నం మిగలదు. అంతా తవ్వేస్తాం. నువ్వూ నీ సైనికులూ మా బందీలు."

"సరే," అన్నాడు గండయ్య.

మధ్యాహ్నానికి పిల్లలు బయటికొచ్చారు. వెలుతురుకి కళ్ళు చికిలించారు. ఊట కనబడగానే తూలుకుంటూ పరిగెత్తారు. చుక్కమ్మ వెనకాల నడుస్తూ, "మెల్లగా! మెల్లగా తాగండి, కడుపు నొప్పొస్తుంది!" అని అరిచింది. రేచుకుక్కలు రెండు వైపులా నిలబడి చూశాయి. ఒక్కటి కూడా కదల్లేదు.

తర్వాత సైనికులు ఒక్కొక్కరే వచ్చి ఒళ్ళు విదిలించారు. ముళ్ళు గలగలా రాలాయి. అందరికంటే ముందు విదిలించినవాడు గండయ్య. అందరికంటే చివర పోలి. ఆమె విదిలించి, తల ఎత్తుకునే నడిచింది. మామ వైపు చూడలేదు.

బందీలు కొండ మలుపు తిరుగుతుండగా వెనక పెద్ద చప్పుడైంది. గుట్ట లోపలికి కుంగిపోయి దుమ్ము లేచింది. ఎవరూ ఆగలేదు.

రెండు వానాకాలాలు గడిచాయి. చివరికి అడవిపందులు తీరిగ్గా ఏరు దాటాయి. రేచుకుక్కలు వెళ్ళిపోయాయి. బందీలు విడుదలయ్యారు. అయితే వాళ్ళలో గండయ్య లేడు. రాళ్ళ లోయలో చెరలో ఉండగానే, దగ్గుతో చనిపోయాడు.

ఏదుపందులు వేరే అడవిలో కొత్త బొరియలు వేసుకున్నాయి. కొన్నేళ్ళ తర్వాత ఒకరోజు కొందరు కుర్రవాళ్ళు దుంపలు తింటూ ఊసుపోక మాట్లాడుకుంటున్నారు. వాళ్ళలో ఒకడు, "ఆ గండయ్య పిరికివాడటగా! గుట్టని శత్రువుకి అప్పగించేశాడట," అన్నాడు.

దుంపల మూటతో పక్కనే నడుస్తున్న పోలి, మూట దించి ఆగింది.

"ఆ రోజు నువ్వెక్కడున్నావు?" అని అడిగింది.

"నేనా? చిన్నపిల్లాణ్ణి. నాకు గుర్తులేదు."

"నాకు గుర్తుంది. అట్టడుగు బొరియలో మట్టిగోడ నాకుతున్నావు. మధ్యాహ్నం ఊట దగ్గర నీళ్ళు తాగావు. ఈ రెండింటి మధ్య మా మామ ఒక్కడే గుమ్మం దాటి నడిచాడు."

కుర్రవాడు నమలడం ఆపేశాడు.

"మా మామ మీద నాకు కోపముంది," అంది పోలి. "పందుల్ని నమ్మి మమ్మల్ని పోరులోకి దింపాడు. నా బుడ్డన్న తిరిగి రాడు. ఆ కోపం నేను చచ్చేదాకా ఉంటుంది. అది నాది. నీకు మాత్రం ఆయన్ని పిరికివాడనే హక్కు లేదు."

అలా అని, దుంపల మూట భుజానికెత్తుకుని వెళ్ళిపోయింది.

నీతి: పదిమందిని పోరాటానికి పిలిచినవాడు, వాళ్ళ ప్రాణాల కోసం ఓటమిని ఒప్పుకునే నిందని కూడా తనే మోయాలి. అలా మోయడానికి, పోరాడడానికి కావలసినంత ధైర్యమే కావాలి.