ముత్తెమ్మ తోకను కరవని చేపలు

అనగనగా ఒక అడవిలో ఒక మడుగు ఉండేది. అనగనగా అన్నాను కదా అని మరీ పాత సంగతి అనుకోకండి. ఆ మడుగు ఇప్పటికీ ఉంది, నీళ్లూ ఉన్నాయి. చేపలే కంటికి కనబడవు. ఎందుకో చెబుతాను, అడ్డు రాకుండా వినండి.

ఆ మడుగు కొర్రమీనులది. నల్లటి వీపు, పాములాంటి తల, నోటినిండా పళ్లు. చూడ్డానికి పక్కా రౌడీల్లా ఉంటాయి గానీ, పిల్లల్ని సాకడంలో వాటికి సాటి లేదు. వానలు పడగానే కొర్రమీను నాన్న ఒడ్డు దగ్గర తుంగను పక్కకు తోసి గుండ్రంగా చోటు చేస్తాడు. అమ్మ అక్కడ గుడ్లు పెడుతుంది. ఎర్రెర్రటి పిల్లలు గుంపుగా పైకి తేలుతుంటే నాన్న వాటి కిందే కాపలా ఉంటాడు. దగ్గరికి ఎవరొచ్చినా కరుస్తాడు. కప్పైనా కరుస్తాడు, గేదైనా కరుస్తాడు.

ఒడ్డున బొరియలో ముత్తెమ్మ అనే నీటికుక్క కాపురం ఉండేది. చేపలు పట్టి తినడమే దాని వృత్తి. దానికి ముగ్గురు పిల్లలు. వాళ్లు ఏ పూటా పస్తు పడుకోకూడదు, అదొక్కటే ముత్తెమ్మ బెంగ. ఏ తల్లికైనా ఉండేదే, దాన్ని నేను తప్పుపట్టను. రోజూ నడి మడుగులో ఈది, చేపల్ని తరిమి పట్టేది. పోట్లాడేదీ దొరికేది, పారిపోయేదీ దొరికేది. గుడ్లున్న చోటికి మాత్రం వెళ్లేది కాదు. నీటికుక్కల్లో అది ముత్తాతల నాటి కట్టుబాటు.

ఒక వానాకాలం ముత్తెమ్మ అలిసిపోయి తుంగ పక్కన వెల్లకిలా తేలుతోంది. దాని తోక జారి ఒక కొర్రమీను పిల్లల మధ్యకు పోయింది. వెంటనే నాన్న చేప ఎగిరి తోకను కరిచింది. ముత్తెమ్మ చటుక్కున తిరిగి దాన్ని నోట కరుచుకుంది. తరమలేదు, రొప్పలేదు. పడుకున్న చోటికే భోజనం వచ్చింది.

"ఇంత సుళువా!" అనుకుంది ముత్తెమ్మ.

ఇక చూడండి, రోజూ అదే పని. ఒక్కో తుంగ దుబ్బు దగ్గరా తోక వేలాడదీయడం, కరిచిన నాన్నను నమలడం. చేపలన్నీ గగ్గోలు పెట్టాయి. ముత్తెమ్మకు కాస్త సిగ్గేసింది. అప్పుడు బుడుబుంగ వచ్చింది. అదొక మునిగే పిట్ట, చిన్న చేపపిల్లలంటే దానికి ప్రాణం.

"వదినా, నీకెందుకమ్మా సిగ్గు?" అంది బుడుబుంగ. "నువ్వు ఎవరి జోలికైనా పోయావా? తోక వేసుకుని నీ మానాన నువ్వు పడుకున్నావు. వాళ్లే మీదపడి కరిచారు. ఈ మడుక్కి ఒక చట్టం పెట్టు. కరిచినవాణ్ణి తింటానని చెప్పు, మర్యాదస్తుల్ని ముట్టనని చెప్పు. మడుగంతా బాగుపడుతుంది."

ముత్తెమ్మకు ఆ మాట మహా నచ్చింది. కడుపూ నిండుతుంది, పేరూ వస్తుంది. మర్నాడే చేపలన్నిటినీ పిలిచి చట్టం చెప్పింది. "నన్ను కరవనివాళ్లకు నా వల్ల ఏ భయమూ లేదు. రౌడీలకు మాత్రం శిక్ష తప్పదు."

శాంతయ్య అనే కొర్రమీను అందరికంటే ముందు తల ఊపాడు. శాంతయ్య ఎంత నెమ్మదస్తుడంటే, కప్ప వస్తే పిల్లల్ని వదిలి తుంగలో దూరతాడు. గేదె వస్తే అవతలి ఒడ్డుకే పోతాడు. "చల్లటి మాట చెప్పారు దొరసానీ! మడుగులో మర్యాద లేకుండా పోయింది" అన్నాడు.

కోటయ్య అనే కొర్రమీను మాత్రం ముందుకొచ్చాడు. "దొరసానమ్మా, నడి మడుగులో మీరు నన్ను తరిమితే నేను పరిగెత్తుతాను, మిమ్మల్ని కరవను. కానీ పిల్లల దగ్గరికొస్తే కరవకుండా ఎలాగమ్మా? పిల్లల్ని కాచుకోవడం కూడా రౌడీతనమేనా?"

"చట్టం అందరికీ ఒకటే కోటయ్యా" అంది ముత్తెమ్మ.

వారం తిరక్కుండా ముత్తెమ్మ తోక కోటయ్య పిల్లల మధ్య వేలాడింది. కోటయ్యకు చట్టం తెలుసు. తుంగలోంచి శాంతయ్య కేక వేశాడు. "కళ్లు మూసుకో కోటయ్యా! పక్కకు తప్పుకుంటే బతికిపోతావు!"

"తప్పుకుంటే నేను బతుకుతాను శాంతయ్యా. వీళ్లు?" అన్నాడు కోటయ్య. ఎగిరి తోకను కరిచాడు.

కోటయ్యను ముత్తెమ్మ తినేసింది. సాయంత్రానికి అతని పిల్లల్లో ఒక్కటి లేకుండా బుడుబుంగ మింగేసింది. మింగి, "చట్టం బాగా పనిచేస్తోంది వదినా!" అని మెచ్చుకుంది కూడా.

మొదటి ఏడు అలా గడిచింది. కరిచే నాన్నలందరూ పోయారు, వాళ్ల పిల్లలూ పోయారు. శాంతయ్య పిల్లల్లో తుంగలో దాక్కున్న పిరికి పిల్లలు కొన్ని మిగిలాయి. పిల్లలకు తండ్రి పోలిక రాదా మరి? నీ ముక్కు ఎవరిది, నీ అలక ఎవరిది? శాంతయ్య పిల్లలకూ అంతే. నేర్పక్కర్లేకుండానే పారిపోవడం వచ్చింది.

రెండో ఏడు ఆ పిల్లలు పెద్దవై గుడ్లు పెట్టాయి. పెట్టి, మర్యాదగా పక్కకు తప్పుకున్నాయి. సగం గుడ్లు పీతలు తిన్నాయి, మిగతావాటిలోంచి పుట్టిన పిల్లల్లో దాక్కున్నవి తప్ప అన్నీ బుడుబుంగ చూసుకుంది. ముత్తెమ్మ తోకను కరిచింది ఒకటో రెండో. "చూశావా, మడుగు ఎంత ప్రశాంతంగా ఉందో!" అని ముత్తెమ్మ మురిసిపోయింది. తన పిల్లలు బక్కచిక్కిన సంగతి అప్పటికింకా దాని కంట్లో పడలేదు.

మూడో ఏడు మడుగులో ఉన్నవన్నీ శాంతయ్య మనవలే. వేలెడంత చేపలు, నీడ కదిలితే మాయమయ్యే చేపలు. ముత్తెమ్మ ఉదయం నుంచి తోక వేలాడదీసి కూర్చుంది. ఒక్కటీ కరవలేదు. పోనీ తరిమి పడదామని దూకితే, నాలుగు బారలు ఈదేసరికే రొప్పు వచ్చింది. దాని పిల్లలు ఒడ్డున కూర్చుని చూస్తున్నాయి. చేపను తరమాలని వాటికి తెలియనే తెలియదు. తోక వేస్తే తిండి వస్తుందని మాత్రం తెలుసు. అవీ మూడు చిన్న తోకలు నీళ్లలో వేసి కూర్చున్నాయి.

"అమ్మా, ఆకలి" అంది చిన్నది.

ముత్తెమ్మ బుడుబుంగ కోసం వెతికింది. అది కనబడలేదు. మింగడానికి పిల్లలు లేని మడుగులో దానికేం పని? పక్క లోయలో ఇంకో మడుగుందట, అక్కడా ఒక నీటికుక్క ఉందట. దానికి సలహా చెప్పడానికి ఎగిరిపోయింది.

ఇక ముత్తెమ్మకు ఏడుపొచ్చింది. తుంగలో ఒక చిన్న కొర్రమీను, పక్కనే నాలుగు గుడ్లు కనబడ్డాయి. ముత్తెమ్మ మెల్లగా గుడ్ల మీదికి తోక జార్చింది.

"ఒరే నాన్నా, అవి నీ పిల్లలురా! నేను నలిపేస్తున్నానురా! కరవరా! ఒక్కసారి కరవరా, నీకు పుణ్యం ఉంటుంది!"

ఆ చేప భయభక్తులతో వెనక్కి జరిగింది.

"అయ్యో, ఎంత మాట దొరసానీ! మిమ్మల్ని కరవడమా? అలాంటి రౌడీతనం మా ఇంటా వంటా లేదు. గుడ్లంటారా, మీ ఇష్టం."

అంటూనే తుంగలోకి జారిపోయింది. ముత్తెమ్మ వంగి ఆ నాలుగు గుడ్లూ తీసుకుంది. ముగ్గురు పిల్లలకు పంచింది. ఆ మడుగులో చివరి గుడ్లు అవే.

నీతి: పిల్లల కోసం కరిచేవాణ్ణి రౌడీ అని తినేసి, పారిపోయేవాణ్ణి మర్యాదస్తుడని మెచ్చుకుంటే, చివరికి పారిపోయేవాళ్లే పుడతారు. ఆ తర్వాత వాళ్లూ పుట్టరు.