మొగలిపేట వెచ్చమ్మ తల్లి

మొగలిపేటలో రైలు దిగిన భక్తులకు ముందుగా కనిపించేది గాలిగోపురం కాదు, ఇంగ్లీషువారు కట్టించిన గోనె మిల్లు పొగగొట్టం. ఎర్ర ఇటుకల గుండ్రని గొట్టం, దాని పాదం దగ్గర కమాను కిటికీల బాయిలరు గది. మగ్గాలు తుక్కుకు పోయాయి. పైకప్పు రేకులు ఎటు పోయాయో ఊళ్లోని పశువుల పాకలను చూస్తే తెలుస్తుంది. మిగిలిన ఆ గదిలోనే వెచ్చమ్మ తల్లి కొలువై ఉంది. ఇక్కడ విగ్రహం లేదు. ఓడలో వచ్చిన బాయిలరు ఇనుప తలుపునే పసుపు కుంకుమలతో పూజిస్తారు.

పూర్వం ఇక్కడ మిల్లు నడిచే రోజుల్లో పైడమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఆమె నోటికి జడిసి ఊరంతా ఆమెతో మాటలు మానేసింది. తానే ఊరిని వెలివేశానని ఆమె చెప్పుకునేది. ఒక పుష్యమాసంలో ఆమె కోడలు సత్తెమ్మ నెలలు నిండకుండానే ఆడపిల్లను కన్నది. బిడ్డ ఒళ్లు చల్లబడుతుంటే మంత్రసాని పెదవి విరిచింది. పైడమ్మ బిడ్డను గోనెగుడ్డలో చుట్టి గుండెకు హత్తుకుంది. కొడుకు ఎర్రన్న బొగ్గు వేసే బాయిలరు గదికి పోయి, వెచ్చని గోడకు వీపు ఆనించి కూర్చుంది. పొద్దెక్కేసరికి బిడ్డ పెదవులు ఎర్రబడ్డాయి, సన్నగా ఏడుపు వినిపించింది. అన్నాళ్లూ ఊరిని ఏడిపించిన పైడమ్మ ఆ ఏడుపు విని తానూ ఏడ్చింది.

మరునాటికి బొగ్గు అయిపోయింది. బొగ్గు ఓడ దారిలో ఆగిపోయిందని, అది వచ్చేదాకా మంట ఆర్పక తప్పదని మిల్లు దొర చెప్పాడు. గోడ చల్లారితే బిడ్డ దక్కదు. ఆ మధ్యాహ్నం కునుకులో పైడమ్మకు ముఖాన మసి, చేతులకు ఇనుప కడియాలు ఉన్న ఒక స్త్రీ కనిపించింది. "నా పొయ్యి ఆరనివ్వకు. నీతో మాటలు లేని గడపల్లోనే నాకు మేత ఉంది. వెళ్లి అడుగు" అని చెప్పి గోడలో కలిసిపోయింది.

అడగడం పైడమ్మకు అలవాటు లేదు. అయినా బిడ్డను కోడలి ఒడిలో పెట్టి లేచింది. కోడిపెట్ట తగవుతో విడిపోయిన నూకాలు ఇంటికే ముందు వెళ్లింది.

"కోడి దొంగనన్నావు గదే, నా గడప తొక్కినావేటి?" అంది నూకాలు.

"అన్నాను. ఇప్పుడూ అంతాను. మనవరాలు సల్లబడిపోతంది, కాసింత ఊకియ్యే."

"ఆ మాట ముందు సెప్పొద్దేటి! గంప పట్టు, నానూ వస్తాను."

ఆ సాయంత్రానికి ఊక, తాటిమట్టలు, జీడితొక్కలు గంపలకొద్దీ వచ్చాయి. దొర తన పడక కుర్చీ పంపాడు. అందులో నల్లులున్నాయని అతని బట్లరు తరువాత చెప్పాడు గాని, బాగానే మండింది.

ఊక మంట ఎక్కువసేపు నిలవదు. అయినా బొగ్గు ఓడ వచ్చేదాకా నిలిచింది, బిడ్డ దక్కింది. దానినే తల్లి మహిమగా పెద్దలు చెబుతారు. గోడలో కలిసిన తల్లికి వెచ్చమ్మ అని పేరు పెట్టి, పొయ్యి తలుపుకు మొదటి బొట్టు పైడమ్మ పెట్టింది. దాని పక్కన రెండోది నూకాలు పెట్టింది. కోడి సంగతి మాత్రం తేలలేదు.

నేటికీ పుష్యమాసంలో పసిబిడ్డల తల్లులు ఆ పొయ్యిలో వేయడానికి గుప్పెడు ఊక తెస్తారు. అది సొంత ఇంటిది కాకూడదు. తమతో మాటలు లేని ఇంటికి వెళ్లి అడిగి తెచ్చినదై ఉండాలి. అటువంటి ఇల్లు తమకు లేదనేవారిని అర్చకులు మరొకసారి ఆలోచించుకోమంటారు. ఊక రాజుకుని గోడ వెచ్చబడిన తరువాత బిడ్డ వీపును దానికి మెల్లగా తాకిస్తారు. ఆపైన బిడ్డను ముందుగా ఎత్తుకునే హక్కు ఊక ఇచ్చిన ఇంటివారిది. వారి చేతుల్లో బిడ్డ నిద్రపోతే వెచ్చమ్మ తల్లి దీవెన అందినట్టే.