వాసనకే నయమైన రోగాలు

ధర్మాసుపత్రిలో వైద్యం ఎలా ఉందో చూడ్డానికి రాజుగారే స్వయంగా వస్తున్నారని తెలిసి, పెద్ద వైద్యుడు విశ్వపతిశాస్త్రి రోగులందర్నీ పెరట్లోకి తోయించి, మంచాల మీద కోట భటుల్ని పడుకోబెట్టాడు.

"వైద్యం దివ్యంగా ఉంది ప్రభూ," అన్నారు భటులు దుప్పట్లలోంచి.

పెరట్లోకి తోసిన రోగుల్లోంచి గానుగ గవరమ్మ కర్ర ఊతంతో వచ్చింది. "వీళ్ళకింకా ఇవాళ్టి కషాయం పడలేదు దొరా. తమరి ఎదుటే పోయించండి."

రాజుగారు సరేనన్నారు. కషాయం గిన్నె మూత తీయగానే, కుంటివాడిగా పడుకున్న భటుడు అందరికంటే ముందు కిటికీ దూకాడు. మిగతావాళ్ళు వాడి వెనకే పరుగు.

శాస్త్రి తడుముకోలేదు. "చూశారా ప్రభూ, వాసనకే రోగాలు నయమైపోయాయి."

"నిజమే దొరా," అంది గవరమ్మ. "తాగినవాళ్ళే లేవలేక పెరట్లో పడి ఉన్నారు."